అలెక్ తాత ఊరు, అమ్మ ఊరు

చలి మొదలైందని ఈ మధ్య నాకు క్యాలెండర్ కన్నా ముందు మోకాళ్ళు చెబుతున్నాయి. హాలిఫాక్స్ రేవు మీంచి తడిగాలి వీచే సాయంత్రాల్లో, ఆసుపత్రి ల్యాబ్‌లో డ్యూటీ దిగి, ఫెర్రీ ఎక్కి ఇల్లు చేరి, సాక్సులు విప్పి నొప్పుల బామ్ డబ్బా మూత తిప్పగానే వింటర్‌గ్రీన్ నూనె ఘాటు గదంతా పరుచుకుంటుంది. మన ఇళ్ళలో అది పెద్దవాళ్ళ వాసన, జ్వరాల వాసన, మంచం పక్కన గూట్లో ఉండే వాసన. నాకు మాత్రం అది ఫుట్‌బాల్ వాసన. తడిసిన ఉన్ని మేజోళ్ళు, బొగ్గు పొయ్యి, దాని మీద ఉడుకుతున్న ఓట్స్ జావ, వాటన్నిటి మధ్య ఈ ఘాటు కలిస్తే అలెక్ తాత కళ్ళముందుకొస్తాడు.

మేము కెనడాకి వచ్చేనాటికి నాకు ఎనిమిదేళ్ళు. అమ్మ డాక్టరు. అప్పట్లో కేప్ బ్రెటన్ ద్వీపంలోని బొగ్గుగనుల ఊళ్ళలో ఉండటానికి డాక్టర్లు ముందుకొచ్చేవాళ్ళు కాదు కాబట్టి, గుంటూరులో చదివొచ్చిన అమ్మకి అక్కడి క్లినిక్‌లో ఉద్యోగం సులువుగానే దొరికింది. నాన్న కొన్నాళ్ళకి హైస్కూల్లో సైన్సు చెప్పడానికి కుదిరారు. ఆ ఊరి అసలు పేరు పలకడానికి అమ్మకి నోరు తిరగక ‘బొగ్గూరు’ అనేది. మాకూ అదే అలవాటైంది. ఒక పక్క సముద్రం, ఒక పక్క గని, మధ్యలో గని కంపెనీ కట్టించిన చెక్క ఇళ్ళ వీధులు, వాటి చివర సముద్రపు గాలికి గడ్డి ఎప్పుడూ ఒకవైపే ఒరిగి ఉండే ఆటస్థలం. అంతే ఊరు. ఇళ్ళన్నీ జంట ఇళ్ళు. ఒకే కప్పు కింద రెండు కాపురాలు, నడుమ ఒక పల్చటి చెక్క గోడ. మా గోడకి అవతల ఎనభై దాటిన అలెక్ తాత, ఆయన కూతురు జీన్ ఆంటీ ఉండేవాళ్ళు. జీన్ ఆంటీ పెళ్ళి చేసుకోలేదు. స్కూలు వంటగదిలో పనిచేస్తూ తండ్రిని చూసుకునేది.

ఆ గోడ గుండా రెండిళ్ళ సంగతులూ అటూ ఇటూ వస్తూ పోతూ ఉండేవి. పొద్దున్నే అలెక్ తాత దగ్గు వినిపించేది. ఏళ్ళ తరబడి మింగిన బొగ్గు పొడిని ఊపిరితిత్తులు బయటికి తోయలేక తోస్తున్న దగ్గు అది. అమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని వంటింట్లో నిలబడి చెవి ఒగ్గి విని, ‘ఇవాళ కాస్త తేలిగ్గా ఉందండీ’ అనో, ‘మధ్యాహ్నం ఒకసారి వెళ్ళి చూడాలి’ అనో నాన్నతో చెప్పేది. మా వైపు నుంచి ఆయనకి అమ్మ చిన్న ఇత్తడి రోట్లో మిరియాలు దంచే చప్పుడు వినిపించేది. మేము చేరిన కొత్తల్లో ఒకరోజు తలుపు తట్టి, టోపీ చేత్తో పట్టుకుని, ‘లోపల కొత్త గనేమైనా తవ్వుతున్నారా డాక్టరమ్మా, తవ్వితే నాకూ పని ఇప్పించండి’ అని అడిగాడు. అమ్మ కెనడాలో మొదటిసారి గట్టిగా నవ్వింది ఆరోజేనని నాన్న తర్వాత చాలాసార్లు చెప్పారు.

నన్ను ఆయన్ని తాతా అని పిలవమంది అమ్మ. ఆయన చెవికి అది టాటాలా వినపడేది. ‘వచ్చీ రాగానే వెళ్ళొస్తానంటుందేమిటీ పిల్ల’ అని ఆశ్చర్యపోయేవాడు. ఆడపిల్లలందరినీ, చివరికి అమ్మని కూడా, తన యాసలో ‘లాస్’ అనేవాడు, మనం పిల్లా అన్నట్టు.

అలెక్ తాత పుట్టింది స్కాట్లాండ్‌లో, పడమటి కొండల నడుమ ఒక గని ఊళ్ళో. మీసాలు రాకముందే గనిలోకి దిగాడు. పని దిగాక మొహం కూడా కడుక్కోకుండా ఊరి మొగవాళ్ళంతా బొగ్గు బూడిద పరిచిన మైదానంలో బంతి ఆడేవాళ్ళట. అక్కడ కిందపడితే మోకాళ్ళలో దిగిన నల్ల రవ్వలు జన్మంతా చర్మం కింద అలాగే ఉండిపోతాయని పంట్లాం పైకి లాగి చూపించేవాడు. నీలంగా, పచ్చబొట్ల లాగా ఉండేవి. ఆ బూడిద మైదానం నుంచి ఆయన పట్నం క్లబ్బుకి వెళ్ళాడు. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు దేశం జట్టుకి ఒక్క మ్యాచ్ ఆడాడు. అందుకు గుర్తుగా ఇచ్చిన మఖమల్ టోపీ, కుచ్చుతో సహా, అద్దాల బీరువాలో పింగాణీ కప్పుల పక్కన ఉండేది. తర్వాత యుద్ధం వచ్చింది. ఊరి జట్టులో సగంమంది తిరిగి రాలేదు. రానివాళ్ళలో ఆయన తమ్ముడు విల్లీ ఒకడు. ఈయన వచ్చాడు గానీ మోకాలు చెడింది. ఆట పోయాక చేతనైన పని బొగ్గు తవ్వడమే గనక, బొగ్గు ఉన్నచోటికి ఓడెక్కి మా బొగ్గూరు చేరాడు. మళ్ళీ పుట్టిన ఊరు చూడలేదు.

మా స్కూల్లో ఆడపిల్లలకి ఫుట్‌బాల్ లేదు. ఊరి ఆటస్థలంలో అలెక్ తాత మగపిల్లలకి ఆట నేర్పుతుంటే నేను గీత అవతల నిలబడి చూడటం గమనించి, ఒకరోజు ఆయన కర్రతో బంతిని నా కాళ్ళ దగ్గరికి దొర్లించాడు. మగపిల్లలు గునిస్తే, ‘తన్నింది ఎవరో చూడ్డానికి బంతికి కళ్ళున్నాయా’ అన్నాడు. ఆ మాటతో వీధిలో ఆడపిల్లలంతా మైదానంలోకి దిగాం. ఆయన పాత చెక్క కుర్చీ ఒకటి గోల్ పక్కన వేయించుకుని, మెడకి మఫ్లర్ చుట్టుకుని కూర్చునేవాడు. అరిచేవాడు కాదు, ఊపిరి ఉంటే కదా అరవడానికి. కర్రెత్తితే ఆగాలి, దించితే పరుగెత్తాలి. ఆట అయ్యాక వాళ్ళ వంటింట్లో పొయ్యి చుట్టూ మా మేజోళ్ళు ఆరేసి, అదిరిన పిక్కలకి వింటర్‌గ్రీన్ నూనె రాసి, చేతుల్లో తలా ఒక ఓట్స్ బిళ్ళ పెట్టి పంపేది జీన్ ఆంటీ. ఇంటికెళితే అమ్మ ముక్కు మూసుకుని, ‘వచ్చిందమ్మా మందులషాపు’ అనేది.

ఆగస్టులో గని వెనక దిబ్బల మీద బ్లూబెర్రీలు కోసుకునేవాళ్ళం, పళ్ళూ పెదాలూ నాలుగు రోజులదాకా ఊదారంగులో ఉండేవి. తుఫాను వెలిసిన మర్నాడు సముద్రం ఒడ్డుకి కొట్టిన బొగ్గు ముక్కలు బకెట్లలో ఏరుకొచ్చేవాళ్ళం. మార్చిలో ఉత్తరం నుంచి మంచుగడ్డలు తేలుకుంటూ వచ్చి తీరమంతా నిండిపోతే సముద్రం ఉన్నచోట తెల్లటి పొలం కనిపించేది, అలల చప్పుడు ఆగిపోయేది. సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఉగాది వచ్చేది. వేపపువ్వు ఎక్కడ దొరుకుతుంది? అమ్మ చేదుకి గ్రేప్‌ఫ్రూట్ తొక్క, పులుపుకి జీన్ ఆంటీ సీసాలో దాచిన రూబార్బ్ కాడలు, బెల్లానికి బదులు ఆ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఉండే నల్లటి మొలాసిస్ పాకం వేసి పచ్చడి కలిపేది. మొదటి ఏడు గిన్నెలో పోసి గోడ అవతలికి పంపితే అలెక్ తాత చెంచాతో కొంచెం కొంచెంగా అంతా తిని, ‘పండగ రోజున చేదు కూడా పెట్టారంటే మీవాళ్ళు గని మనుషులే అయ్యుంటారు’ అన్నాడు. అదే పాకంతో చేసిన అరిసెలు మాత్రం బొగ్గు పెళ్ళల్లా నల్లగా వచ్చేవి. అవి ఆయనకి ఇంకా ఇష్టం.

ఆయన తన ఊరి గురించి చెప్పినంతగా అమ్మ తన ఊరి గురించి ఎప్పుడూ చెప్పేది కాదు. నేనడిగితే, ‘కృష్ణ ఒడ్డున ఉండేదిలే. పోయి చదువుకో’ అనేది. అంతకుమించి నాకేమీ తెలియదు.

మేము వెళ్ళిన మూడో శీతాకాలం. క్రిస్మస్ వెళ్ళాక ఒకరోజు పొయ్యి దగ్గర మా మేజోళ్ళు ఆరుతుండగా అలెక్ తాత, ‘ఈ వేసవికి ఊరెళ్ళొస్తా’ అన్నాడు, పక్కవీధికి వెళ్ళొస్తానన్నంత మామూలుగా. మర్నాటి నుంచి ఆ పనే. సూటు తీయించి బ్రష్ చేయించాడు. నాన్నని పట్టుకుని విమానంలో కాళ్ళు చాపుకోనిస్తారా అని అడిగాడు. ఊళ్ళో వాగు దాటి కొండెక్కాలి, కాళ్ళకి అలవాటు తప్పకూడదని మంచులో కర్ర పట్టుకుని వీధి చివరిదాకా నడిచి, ఆయాసంతో మా గుమ్మంలో కూలబడేవాడు. పిల్లలందరికీ ఆ వాగులోంచి తలా ఒక గులకరాయి తెస్తానని మాటిచ్చాడు.

జీన్ ఆంటీ మొహంలో మాత్రం రోజురోజుకీ నెత్తురు తగ్గిపోతోంది. ఒక శనివారం ఆయన కునుకు తీస్తున్నప్పుడు మా వంటింట్లోకి వచ్చి, కుర్చీ లాక్కుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని అమ్మతో అంతా చెప్పింది. రెండేళ్ళ క్రితం స్కాట్లాండ్ నుంచి వాళ్ళ బంధువొకాయన చూడటానికొచ్చి, తండ్రి బయటికి వెళ్ళిన సమయంలో ఆమెకి అసలు సంగతి చెప్పాడట. గనులు మూసేశాక ఆ ఊరి జనాన్ని దగ్గర్లో పట్నానికి తరలించి, ఇళ్ళ వరసలన్నీ పడగొట్టేశారని, బడీ చర్చీ కూడా లేవని, పైపొరల్లో మిగిలిన బొగ్గు కోసం ఆటస్థలాన్ని సైతం తవ్వి గొయ్యి చేశారని. ఆ మాట తండ్రి చెవిన పడనివ్వొద్దని ఆ బంధువుని బతిమాలుకుంది. అప్పటి నుంచీ తండ్రి ఊరి కబురేమైనా తెలిసిందా అని అడిగినప్పుడల్లా ఏదో ఒకటి కల్పించి చెబుతూ వచ్చింది. బడికి పచ్చరంగు వేశారట. వాగు మీద కొత్త వంతెన కట్టారట. పిల్లలు ఇంకా అక్కడే ఆడుతున్నారట.

‘ఇప్పుడేం చెయ్యను డాక్టర్, వింటే ఆయన గుండె తట్టుకుంటుందా?’ అంది.

ఆమె వెళ్ళాక నాన్న, ‘పెద్దాయన అంతదూరం వెళ్ళి ఆ గొయ్యి ఒడ్డున నిలబడటం కన్నా ఇక్కడ తెలియడమే నయం కదా’ అన్నారు.

‘నయమే. చెప్పే నోరు ఎవరిదని?’ అంది అమ్మ. మళ్ళీ తనే, ‘నేనే చెబుతాలెండి’ అంది.

అమ్మ ఆ మాట చెప్పిన రోజు నేను పక్కనే ఉన్నాను. పప్పుచారు గిన్నె మోసుకుని అమ్మ వెనకాలే వెళ్ళాను. జీన్ ఆంటీ సింకు దగ్గర మాకు వీపు పెట్టి నిలబడింది. అమ్మ ఎప్పటిలాగే ఆయన ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. విన్నాక దాన్ని సంచిలో పెట్టకుండా చేతిలోనే ఉంచుకుని, ముక్కాలిపీట ఆయన ముందుకి జరుపుకుని కూర్చుంది.

‘అలెక్, మీ ఊరు ఇప్పుడు లేదు’ అంది.

ఆయన అమ్మ మొహంలోకి చూశాడు. ‘లేదంటే?’

‘ఇళ్ళన్నీ తీసేశారు. మనుషుల్ని వేరేచోటికి పంపేశారు.’

‘చర్చి?’

‘అదీ లేదు.’

‘గ్రౌండు ఉంటుంది. గ్రౌండునేం చేస్తారు?’

జీన్ ఆంటీయే వెనక్కి తిరక్కుండా, ‘గ్రౌండు కూడా తవ్వేశారు నాన్నా’ అంది.

పొయ్యిలో బొగ్గు కూలిన చప్పుడైంది. ఆయన తన మోకాళ్ళకేసి చూస్తూ, ‘మరి బడికి పచ్చరంగు వేశారన్నావు కదమ్మా’ అన్నాడు. అంతవరకూ బిగపట్టుకున్న ఆవిడ గిన్నెలు తోమే గుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ‘ఏడవకు. ఆ రంగు నాకు నచ్చింది, నేను చూశాను కూడా’ అన్నాడాయన.

అప్పుడు అమ్మ చెప్పింది, నాకెప్పుడూ చెప్పని సంగతి. కృష్ణ మీద డ్యామ్ కట్టినప్పుడు వాళ్ళ ఊరు నీళ్ళలో కలిసిపోయిందని, హాస్టల్లో ఉండి చదువుకుంటున్న తను సెలవులకి వెళ్ళేసరికి ఊరివాళ్ళంతా ఎక్కడో ఎర్రమట్టి దిబ్బ మీద రేకుల షెడ్లలో ఉన్నారని.

‘నీళ్ళలోకి తొంగిచూస్తే ఏమైనా కనబడుతుందా?’ అని అడిగాడు.

‘ఎండలు ముదిరి నీళ్ళు తగ్గిన ఏడు మా బడి మెట్లు పైకి తేలతాయట. నేను చూడలేదు.’

‘వెళ్ళలేదా?’

‘వెళ్ళి? ఆ మెట్లెక్కి ఎక్కడికి పోవాలి?’ అంది అమ్మ.

ఆ తర్వాత వారం రోజులు అలెక్ తాత ఇంట్లోంచి రాలేదు. గోడ అవతల దగ్గు తప్ప మాట వినపడలేదు. మైదానంలో కుర్చీ మీద మంచు పేరుకుంది. మేమంతా ఆడటం మానేసి వీధిలో తిరుగుతుండగా, ఫిబ్రవరి చివర ఒక ఎండకాసిన మధ్యాహ్నం ఆయన సూటు తొడుక్కుని, పైన గని కోటు వేసుకుని, జీన్ ఆంటీ చెయ్యి పట్టుకుని మైదానానికి వచ్చాడు. మమ్మల్నందరినీ పిలిచాడు. క్లినిక్ నుంచి ఇంటికి వెళుతున్న అమ్మ కూడా ఆయన్ని అంత చలిలో చూసి కంగారుగా అటు వచ్చింది.

ఆయన కర్రతో మంచు మీద గీత గీశాడు. ‘ఇది వాగు’ అన్నాడు. ఇంకో గీత గీసి, ఇది వీధి అన్నాడు. ఒక్కొక్క పిల్లాడి భుజం పట్టుకుని తీసుకెళ్ళి నిలబెట్టడం మొదలుపెట్టాడు. ‘నువ్వు బడి. నువ్వు చర్చి, తిన్నగా నిలబడు. నువ్వు రొట్టెల కొట్టు. నువ్వు మా గోల్‌కీపర్ ఇల్లు, వాళ్ళమ్మ అరుస్తూ ఉంటుంది, భయపడకు.’ పిల్లలు ముందు కిలకిలలాడారు గానీ, ఆయన మొహం చూసి మెల్లగా సద్దుమణిగారు. నన్ను వరస చివరికి తీసుకెళ్ళి, ‘నువ్వు మా ఇల్లు. గుమ్మం కొండవైపు’ అని, నా భుజాలు పట్టి కొండ ఎటుండాలో అటు తిప్పాడు.

తర్వాత ఆయన ఒక్కడే వాగు దగ్గరికి వెళ్ళి, అక్కణ్ణించి ఊళ్ళోకి నడిచాడు. బడి దాటాడు. చర్చి దగ్గర టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. కొన్ని ఇళ్ళ ముందు ఆగి పేర్లు పలికాడు, కొన్నింటి ముందు పలకలేకపోయాడు. నా దగ్గరికి వచ్చేసరికి ఊపిరి ఈల వేస్తోంది. వాళ్ళ గుమ్మం ఎత్తు తక్కువనుకుంటాను, తల వంచి, నా పక్కనుంచి లోపలికి వెళ్ళినట్టు నా వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. చాలాసేపు ఉన్నాడు. ఒకసారి ‘విల్లీ’ అన్నట్టు వినిపించింది. నేను వెనక్కి తిరిగి చూడలేదు. కాళ్ళు కొయ్యబారుతున్నా కదల్లేదు. ఇళ్ళు కదలవని ఆ వయసులో అంత గట్టిగా నమ్మాను.

బయటికి వచ్చాక ఆయన కళ్ళు తుడుచుకుని, కర్ర తీసుకెళ్ళి అమ్మ చేతిలో పెట్టాడు. ‘ఇప్పుడు నీ ఊరు చూపించు, పిల్లా’ అన్నాడు.

అమ్మ వద్దంది. చలిగా ఉంది, పిల్లలు ఇళ్ళకి వెళ్ళాలి అంది. ఆయన కదల్లేదు. కాసేపటికి అమ్మ మంచు మీద వంకర గీత ఒకటి గీసింది. ‘కృష్ణ’ అంది, మెల్లగా. ఆ తర్వాత తనకి తెలియకుండానే తెలుగులోకి వెళ్ళిపోయింది. ‘ఇదిగో ఇటు రా నాయనా, నువ్వు మా పెద్దమ్మోళ్ళ ఇల్లు. నువ్వు సున్నం బట్టీ. నువ్వు చింతచెట్టు, చేతులు బాగా చాపు. నువ్వు సుబ్బమ్మత్తోళ్ళ దొడ్డి’ అంటూ ఎర్రబడ్డ బుగ్గల తెల్లపిల్లల్ని చేతులు పట్టుకుని నిలబెడుతుంటే, ఒక్క ముక్క అర్థంకాకపోయినా వాళ్ళు ఎక్కడ నిలబెడితే అక్కడ నిలబడ్డారు. నన్ను మంచు మీద కూర్చోమంది. ‘నువ్వు మా ఇంటి అరుగువి’ అంది. ఊరంతా ఒక చుట్టు తిరిగొచ్చి, అలసిపోయి, డాక్టరు కోటుతోనే నా పక్కన కూర్చుంది. ఇక్కడ కూర్చుంటే ఏరు కనబడేదని చెప్పింది. అమ్మ ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు. అలెక్ తాత మాత్రం దూరంగా, వాగుకి తను గీసిన గీత అవతల టోపీ తీసి నిలబడి ఉన్నాడు.

ఆయన మార్చిలో పోయాడు, మంచుగడ్డలు తీరం నిండా ఉన్నప్పుడు. పొద్దున గోడ అవతల దగ్గు వినపడకపోతే అమ్మ కాఫీ గ్లాసు అక్కడే వదిలేసి పరుగెత్తింది. నేల గడ్డకట్టి ఉండటాన గొయ్యి తవ్వడం కుదరక, మంచు కరిగేదాకా పెట్టెను స్మశానం పక్కన రాతిగదిలో ఉంచారు. గనిలో బతికినంతకాలం నేలని తవ్విన మనిషికి చివరికి నేల అంత తొందరగా చోటివ్వలేదు. ఏప్రిల్‌లో పాతిపెట్టిన రోజున మేమంతా ఆట మేజోళ్ళు వేసుకుని వెళ్ళాం. ఆ ఏడు అమ్మ ఉగాది పచ్చడి చేయలేదు.

మరి కొన్నేళ్ళకి బొగ్గూరు గని కూడా మూతబడింది. పనుల కోసం జనం పడమటి రాష్ట్రాలకి వెళ్ళిపోయారు. క్లినిక్ మూసేశారు, మేము హాలిఫాక్స్ వచ్చేశాం. ఖాళీ అయిన జంట ఇళ్ళు ఒక్కొక్కటీ తగలబడో, కూలిపోయో, కంపెనీవాళ్ళు పడగొట్టో లేకుండా పోయాయి. జీన్ ఆంటీ ఆఖరి వరకూ అక్కడే ఉండి, ఒంట్లో ఓపిక పోయాక హాలిఫాక్స్‌లోని వృద్ధాశ్రమానికి వచ్చింది. ఆవిడ పోయి చాలా ఏళ్ళైంది. అమ్మ పోయి రెండేళ్ళు. కృష్ణ ఒడ్డుకి మళ్ళీ వెళ్ళనే లేదు.

మా ఇంట్లో పైగదిలో అద్దెకుంటున్న శ్రావణి అనే అమ్మాయి నల్గొండ నుంచి వచ్చి ఇక్కడ కాలేజీలో చదువుకుంటోంది. మొన్న అక్టోబరులో కేప్ బ్రెటన్ కొండల్లో ఆకుల రంగులు చూపించడానికి ఆ అమ్మాయిని కార్లో తీసుకెళుతూ, మామూలు దారి వదిలి తీరం రోడ్డులోకి తిప్పాను. గూగుల్ మ్యాప్‌లో అక్కడ ఖాళీగా ఉంది. నేను కారు ఆపాను. ఆల్డర్ పొదలు మనిషెత్తు పెరిగాయి. ఒడ్డుని సముద్రం చాలా లోపలికి కొరికేసింది. ఎక్కడ వీధి, ఎక్కడ ఆటస్థలం, ఏమీ గుర్తుపట్టడానికి లేదు.

‘ఇక్కడ ఏముండె ఆంటీ?’ అని అడిగింది శ్రావణి.

‘మా ఊరుండేదమ్మా’ అన్నాను.

ఆ పిల్ల ఫోన్ జేబులో పెట్టుకుని నా పక్కన వచ్చి నిలబడింది. గాలి బలంగా వీస్తోంది. అంతలో అటుగా పోతున్న ట్రక్కు ఒకటి మెల్లగా వచ్చి మా దగ్గర ఆగింది. నడుపుతున్న కుర్రాడు అద్దం దించి, కారేమైనా పాడైందా, సాయం కావాలా అని అడిగాడు. అలెక్ తాత యాస ఛాయ ఆ పిల్లాడి మాటలో ఎక్కడా లేదు.

‘లేదు, బాగానే ఉంది’ అన్నాను.

‘సరే అయితే. ఇక్కడ ఆగి చూడ్డానికి ఏమీ లేదు కదా, అందుకని అడిగాను’ అన్నాడు మర్యాదగా.

‘నిజమే’ అన్నాను.